ఒక్క బ్రాంచ్ అడిగితే ఒక్కటే వస్తుందా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అల్లూరు మండలంలో ఒక పల్లె. నెల్లూరులో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రొయ్యల గుంటలు సాగు చేసే రైతులకు మేత ఖర్చు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), పట్టుబడి లెక్కలు చూపించే యాప్ మా ప్రాజెక్టు. సీనియర్లు మొదలుపెట్టిన గిట్ రెపో (కోడ్‌నూ, దాని మార్పుల చరిత్రనూ దాచే చోటు) ఉంది. అందులో ఇరవైకి పైగా బ్రాంచీలు (ఒక్కో పనికి విడిగా సాగే కోడ్ దారులు) ఉన్నాయి. ఫొటోలు, డెమో వీడియోలు కూడా అందులోనే పెట్టారట. నాకు కావాల్సింది 'గుంట-లెక్కలు' అనే బ్రాంచ్ ఒక్కటే. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లోన్ (రెపో కాపీ దించుకోవడం) పెడితే సగంలో తెగిపోతోంది, ఆ రోజు డేటా అంతా దానికే అయిపోతోంది. కమాండ్‌లో బ్రాంచ్ పేరు ఇచ్చినా అన్నీ దిగుతున్నాయి. జిప్ తీసుకుంటే చాలు కదా అని ఫ్రెండ్ అంటున్నాడు. ఒకప్పుడు బ్రాంచ్ అడ్రస్ ఇస్తే అదొక్కటే వచ్చేదని మా సార్ అంటున్నారు. దించుకున్నాక ఆ ఒక్క బ్రాంచ్‌ని మా టీమ్ పేరు మీద కొత్త రెపోలో పెట్టాలి. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. నీ కమాండ్‌లో ఒక్క మాట తక్కువైంది, అంతే. బ్రాంచ్ పేరు మాత్రం ఇస్తే గిట్ దాన్ని 'దించిన తర్వాత ఏది తెరిచి పెట్టమంటావు' అనే ప్రశ్నకు జవాబుగా తీసుకుంటుంది. ఏది దించాలో నువ్వు చెప్పనట్టే లెక్క. బస్తాలన్నీ ఇంటికి చేరతాయి, నువ్వు పేరు చెప్పిన బస్తా ఒక్కటి విప్పి ముందు పెడుతుంది. నీకు కావాల్సిన కమాండ్ ఇది:

గిట్ క్లోన్ --సింగిల్-బ్రాంచ్ --బ్రాంచ్ గుంట-లెక్కలు రెపో-చిరునామా

ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో, చిన్న బడిలో (స్మాల్ లెటర్స్‌లో) కొట్టాలి. ఈ కమాండ్‌లో ప్రతి ఆప్షన్ ముందు రెండు అడ్డగీతలు ఉండాలి. 'సింగిల్-బ్రాంచ్' అన్న మాట పెట్టి బ్రాంచ్ పేరు మర్చిపోయావనుకో, రెపోలో ఏది డీఫాల్ట్‌గా ఉందో అదొక్కటే వస్తుంది. చాలా చోట్ల అది మెయిన్. కాబట్టి రెండూ ఉండాలి. ఈ ఆప్షన్ 2012లో వచ్చిన 1.7.10 వెర్షన్ నుంచే ఉంది, నీ డెస్క్‌టాప్ ఎంత పాతదైనా ఇబ్బంది ఉండదు. బ్రాంచ్ పేరు స్పెల్లింగ్ మీద అనుమానముంటే ఏమీ దించకుండానే పేర్లు చూడవచ్చు: గిట్ ఎల్ఎస్-రిమోట్ --హెడ్స్ రెపో-చిరునామా. ఇది కొద్ది కేబీల పని. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా క్లోన్ ముందుకు పోదు, అందుకని ముందు ఇది కొట్టి పేరు అక్కడి నుంచే కాపీ చేసుకో.

అయితే ఈ కమాండ్ ఇప్పుడే హాట్‌స్పాట్ మీద కొట్టకు. నువ్వు అనుకుంటున్నంత చిన్నదిగా ఆ బ్రాంచ్ రాకపోవచ్చు. ఎందుకో చెబుతాను. ఇది అర్థమైతే మిగతా దారి నువ్వే వెతుక్కోగలవు.

బ్రాంచ్ అనగానే మనకు చెట్టు కొమ్మ గుర్తొస్తుంది. మాది పొదలకూరు వైపు, నిమ్మతోటల మధ్య పెరిగాను. మా నాయన మంచి కాపు కాసే కొమ్మ చూసి అంటు కట్టేవాడు. వేరు పట్టాక కోసి వేరే చోట నాటితే, ఆ కొమ్మకు ఇక పాత చెట్టుతో పని లేదు. గిట్‌లో బ్రాంచ్ అలా తెగి రాదు. అసలు గిట్ దగ్గర బ్రాంచ్ అంటే కొస ఆకుకు కట్టిన చీటీ లాంటిది. ఆ చీటీ మీద ఒక కమిట్ (ఒకసారి భద్రపరిచిన మార్పు) నంబరు ఉంటుంది, మామూలుగా 40 అక్షరాల పొడవు. ఆ కమిట్‌కు తన ముందు కమిట్ ఎవరో తెలుసు. దానికి దాని ముందుది తెలుసు. 'గుంట-లెక్కలు ఇవ్వు' అని అడగ్గానే గిట్ కొస నుంచి మొదలుపెట్టి కొమ్మ మీదుగా మానులోకి దిగి, మాను మీదుగా వేరు దాకా వెళ్తుంది. ఆ దారిలో తగిలిన ప్రతి కమిట్‌నూ, అందులోని ప్రతి ఫైలునూ కట్టి ఇస్తుంది. పక్క కొమ్మల్ని మాత్రం వదిలేస్తుంది.

అంటే ఏమిటి? నీ సీనియర్లు ఆ డెమో వీడియోల్ని వేరే బ్రాంచ్‌లో పెట్టి, దాన్ని మెయిన్‌లో ఎప్పుడూ కలపకపోతే నీ పంట పండినట్టే. సింగిల్-బ్రాంచ్ అనగానే ఆ బరువంతా తప్పుతుంది. అలా కాక, వీడియోల్ని ముందు మెయిన్‌లో పెట్టి, తర్వాత 'ఎందుకులే' అని తీసేసి, ఆ తర్వాత అక్కడి నుంచి గుంట-లెక్కలు బ్రాంచ్ చీల్చి ఉంటే, ఆ వీడియోలు నీతో పాటే వస్తాయి. ఫోల్డర్‌లో కంటికి కనపడవు, కానీ చరిత్రలో ఉంటాయి, నీ డేటా తింటాయి. 'ఒక్క బ్రాంచే తీసుకున్నా, అయినా ఇంత సైజేంటి' అని నన్ను అడిగిన చాలామంది విషయంలో జరిగింది ఇదే.

దించకముందే తెలుసుకునే మార్గం ఉంది. రెపో మొత్తం ఎవరి దగ్గర ఉందో ఆ సీనియర్‌కి ఫోన్ చేసి, తన మెషీన్‌లో ఈ ఒక్క లైను కొట్టి చెప్పమను:

గిట్ రెవ్-లిస్ట్ --డిస్క్-యూసేజ్ --ఆబ్జెక్ట్స్ గుంట-లెక్కలు

బైట్లలో ఒక సంఖ్య వస్తుంది. ఆ బ్రాంచ్ కొస నుంచి వేరు దాకా ఉన్న సరుకంతా డిస్క్ మీద ఎంత చోటు తింటోందో ఆ లెక్క అది. నీకు దిగేది కూడా సుమారుగా అంతే. గిట్ మరీ పాతదైతే ఈ ఆప్షన్ గుర్తుపట్టదు, అప్డేట్ చేసుకుంటే సరిపోతుంది. నలభై యాభై ఎంబీ అని వస్తే నేరుగా క్లోన్ చేసుకో, నీ హాట్‌స్పాట్ చాలు. జీబీల్లో వస్తే కింద చెప్పే దారుల్లో ఒకటి పట్టుకో.

మీ సార్ చెప్పింది తప్పు కాదు. ఆయన సబ్‌వర్షన్ (గిట్‌కు ముందు ఇదే పనికి వాడిన సాఫ్ట్‌వేర్) రోజుల మాట చెబుతున్నారు. సబ్‌వర్షన్‌లో బ్రాంచ్ అంటే సర్వర్ మీద నిజంగానే ఒక ఫోల్డర్. బ్రాంచెస్ అనే డైరెక్టరీ కింద దాని చిరునామా ఇచ్చి చెకౌట్ చేస్తే ఆ ఫోల్డర్ ఇప్పుడున్న రూపం ఒక్కటే వచ్చేది. పాత చరిత్ర సర్వర్ దగ్గరే ఉండిపోయేది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం గిట్ రాసినప్పుడు ఆ పద్ధతే మార్చేశాడు. చరిత్ర ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, సర్వర్ అందకపోయినా పని ఆగకూడదు అన్నది దాని ఆలోచన. నెట్ పోయినప్పుడు కూడా నువ్వు ఇంట్లో కూర్చుని పాత కమిట్‌లు చూసుకోగలుగుతున్నావంటే కారణం అదే. మొదటిసారి దించుకునేటప్పుడు బరువు మోయాల్సి రావడం కూడా అందుకే. సార్‌కి ఈ తేడా చెప్పు, ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఇక హాట్‌స్పాట్ సంగతి. నీ ఉత్తరంలో 'సగంలో తెగిపోతోంది' అన్న దగ్గర నాకు 2020 వేసవి గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో ఊళ్లో కూర్చుని పని చేస్తున్నాను. ఇంట్లో సిగ్నల్ ఉండదు, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం రెండు గీతలు వచ్చేవి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్. రాత్రి పన్నెండు దాటగానే కొత్త రోజు డేటా వస్తుంది కాబట్టి అప్పుడు క్లోన్ మొదలుపెట్టి, ఫోన్‌ని ట్యాంకు మీద పెట్టి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. 'రిసీవింగ్ ఆబ్జెక్ట్స్' పక్కన శాతం ఒక్కొక్కటే పెరుగుతూ 61 దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. కాసేపటికి 'ఎర్లీ ఈఓఎఫ్' అని ఎర్రర్. సగమన్నా దిగింది కదా అని ఫోల్డర్ చూస్తే, అసలు ఆ ఫోల్డరే లేదు. క్లోన్ మధ్యలో తెగితే గిట్ దిగినదంతా తుడిచేసి వెళ్లిపోతుంది. సినిమా డౌన్‌లోడ్ లాగా ఆగిన చోటు నుంచి మళ్లీ అందుకోదు. మూడు రాత్రులు అలా పోయాయి. నాలుగో రోజు మా టీమ్‌లో ఒకావిడ ఫోన్‌లో చెప్పింది, ఒకేసారి మింగబోకు, ముద్దలు ముద్దలుగా తిను అని.

ఆ పద్ధతి ఇది. మొదట చివరి కమిట్ ఒక్కటే తెచ్చుకోవాలి:

గిట్ క్లోన్ --డెప్త్ 1 --బ్రాంచ్ గుంట-లెక్కలు రెపో-చిరునామా

డెప్త్ అని ఇస్తే సింగిల్-బ్రాంచ్ అని వేరే చెప్పక్కర్లేదు, గిట్ తనంతట తనే ఒక్క బ్రాంచ్‌కు పరిమితమవుతుంది. దీంతో ఇవాళ్టి ఫైళ్లు మాత్రం వస్తాయి, వెనక చరిత్ర రాదు. వెంటనే యాప్ నడిపి చూసుకోవచ్చు, పని మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత సిగ్నల్ బాగున్నప్పుడల్లా ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి కొంచెం కొంచెంగా చరిత్ర లాక్కోవాలి:

గిట్ ఫెచ్ --డీపెన్=50

ప్రతిసారీ ఇంకో యాభై కమిట్‌ల లోతుకు వెళ్తుంది. ఒక ఫెచ్ పూర్తయిందంటే అది నీ డిస్క్ మీద నిలిచిపోయినట్టే. తర్వాతది తెగినా నష్టం ఆ ఒక్క ముద్దే. యాభైకి కూడా తెగుతుంటే పది పెట్టు. చివరికి గిట్ ఫెచ్ --అన్‌షాలో అని కొడితే మిగిలింది కూడా వచ్చి కాపీ పూర్తవుతుంది. నేను నాలుగు రోజుల్లో లాగేశాను. ఒక హెచ్చరిక: వంద ఎంబీ వీడియో ఒకటి ఏదో ఒక కమిట్‌లో కూర్చుని ఉంటే, ఆ ముద్ద మాత్రం పెద్దదే. దాన్ని ఏ డీపెన్ కూడా ముక్కలు చేయలేదు.

చరిత్ర ఇలా సగం మాత్రమే ఉన్నప్పుడు వేరే బ్రాంచ్‌ని కలపకు. రెండు బ్రాంచీలు ఎక్కడ చీలాయో ఆ చోటు నీ దగ్గర లేకపోతే గిట్‌కు అవి ఒకే చెట్టువని తెలియదు. 'అన్‌రిలేటెడ్ హిస్టరీస్' అని మొరాయిస్తుంది. దాన్ని దాటడానికి ఒక ఆప్షన్ ఉందని ఎవరో ఒకరు చెబుతారు. అది వాడితే నువ్వు మార్చని ఫైళ్లలో కూడా కాన్‌ఫ్లిక్ట్‌లు (ఏ రూపం ఉంచాలో గిట్ తేల్చుకోలేని చోట్లు) రావచ్చు. అన్‌షాలో చేశాకే మెర్జ్.

నీకు మాత్రం వీటన్నిటికంటే తేలికైన దారి ఉంది. రోజూ నెల్లూరు వెళ్లొస్తున్నావు కాబట్టి సరుకును గాల్లో కాకుండా బస్సులో తెచ్చుకో. రెపో ఉన్న సీనియర్ గానీ, ల్యాబ్‌లో మంచి నెట్ ఉన్న మెషీన్ మీద ఆ బ్రాంచ్ క్లోన్ చేసుకుని నువ్వే గానీ, రెపో ఫోల్డర్‌లో ఈ లైను కొట్టాలి:

గిట్ బండిల్ క్రియేట్ గుంట.బండిల్ గుంట-లెక్కలు

ఆ బ్రాంచ్, దాని చరిత్ర మొత్తం ఒకే ఫైలుగా మూటకట్టి ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఫైలు గూగుల్ డ్రైవ్‌లో పెడితే మామూలు ఫైలు లాగే దిగుతుంది, ఆగితే ఆగిన చోటు నుంచి అందుకునే డౌన్‌లోడర్‌తో దించుకోవచ్చు. ఇంటి దగ్గర:

గిట్ క్లోన్ --సింగిల్-బ్రాంచ్ --బ్రాంచ్ గుంట-లెక్కలు గుంట.బండిల్ రొయ్యల-యాప్

ఇప్పుడు రొయ్యల-యాప్ అనే ఫోల్డర్ తయారవుతుంది. దాని దృష్టిలో ఆరిజిన్ (కాపీ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటుకు గిట్ పెట్టే పేరు) అంటే ఆ పెన్‌డ్రైవ్ ఫైలు. దాన్ని అసలు రెపోకి తిప్పాలి: గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ ఆరిజిన్ రెపో-చిరునామా. ఆ తర్వాత గిట్ ఫెచ్ అంటే, బండిల్ కట్టిన తర్వాత సీనియర్లు చేసిన నాలుగు కమిట్‌లు మాత్రం నెట్ మీద వస్తాయి. అందుకు నీ హాట్‌స్పాట్ సరిపోతుంది.

బండిల్‌లో ఉన్నది ఒక్క బ్రాంచే కదా, మళ్లీ సింగిల్-బ్రాంచ్ అని ఎందుకు పెట్టించావని నీకు అనిపించవచ్చు. అది లేకుండా క్లోన్ చేస్తే గిట్ తన సెట్టింగుల్లో 'ఆరిజిన్‌లో ఉన్న బ్రాంచీలన్నీ నావే' అని రాసుకుంటుంది. చిరునామా మార్చి మొదటి ఫెచ్ కొట్టగానే ఇరవై బ్రాంచీలూ వరదలా వచ్చిపడతాయి. ఇంత కష్టపడి తప్పించుకున్నది ఆ ఒక్క కమాండ్‌తో పోతుంది.

పెన్‌డ్రైవ్ గురించే ఇంకొకటి. సీనియర్ బండిల్ కట్టకుండా రెపో ఫోల్డర్‌ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడనుకో. నువ్వు దాన్నుంచి సింగిల్-బ్రాంచ్ క్లోన్ చేస్తే, అదే మెషీన్‌లోని దారి ఇచ్చావు కాబట్టి గిట్ వేగం కోసం లోపలి ఆబ్జెక్టులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తేస్తుంది. బ్రాంచ్ ఒక్కటే కనిపిస్తుంది, బరువు మాత్రం మొత్తం ఉంటుంది. అప్పుడు క్లోన్ పక్కన --నో-లోకల్ అని కలుపు. అలా చెబితే నెట్ మీద దించినట్టే లెక్క చూసి, కావాల్సినవే తెస్తుంది. తేడా కళ్లారా చూడాలంటే గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్ -వీహెచ్ అని రెండు చోట్లా కొట్టి సైజు-ప్యాక్ లైను చూడు. అక్కడ 'వీ' చిన్న బడి, 'హెచ్' పెద్ద బడి.

జిప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. గిట్‌హబ్‌లో (రెపోలను ఆన్‌లైన్‌లో ఉంచే సైటు) బ్రాంచ్ మార్చుకుని 'డౌన్‌లోడ్ జిప్' నొక్కితే ఆ క్షణానికి ఉన్న ఫైళ్లు వస్తాయి. అందులో గిట్ ఉండదు. కొత్త మార్పులు తెచ్చుకునే పుల్ లేదు, నీవి పంపే పుష్ లేదు, ఎవరు ఏ లైను ఎందుకు రాశారో చూసే వీలు లేదు. యాప్ ఒకసారి నడిపి చూడటానికి బాగానే ఉంటుంది. టీమ్‌గా పని చేయబోతున్నావు కాబట్టి నీకు పనికిరాదు. ఫైళ్లు ఇవాళ్టివి చాలనుకుంటే డెప్త్ 1 క్లోన్ చెయ్యి, దిగేది ఇంచుమించు జిప్ అంతే, గిట్‌తో బంధం మాత్రం తెగదు.

గిట్‌హబ్‌లో ఫోర్క్ (రెపోను నీ ఖాతాలోకి కాపీ) చేద్దామన్న ఆలోచన కూడా నీకు వస్తుంది. అక్కడ 'డీఫాల్ట్ బ్రాంచ్ మాత్రమే కాపీ చేయి' అన్న పెట్టెలో ముందే టిక్ పెట్టి ఉంటుంది. నీకు కావాల్సిన బ్రాంచ్ డీఫాల్ట్ కాదు కాబట్టి అలాగే వదిలేస్తే నువ్వు వదిలేద్దామనుకున్నది వస్తుంది, కావాలనుకున్నది రాదు. ఫోర్క్ చేస్తే ఆ టిక్ తీసెయ్యి.

ఇప్పుడు బ్రాంచ్ నీ దగ్గర ఉంది. వారం తర్వాత సీనియర్ ఫోన్ చేసి 'మెయిన్‌లో ఒక బగ్ సరిచేశాను, తీసుకో' అంటాడు. నువ్వు గిట్ ఫెచ్ కొడతావు. ఏమీ రాదు. గిట్ బ్రాంచ్ -ఏ అని చూస్తే మెయిన్ అసలు జాబితాలోనే ఉండదు. ఇక్కడ చాలామంది కంగారు పడి, అంతా తీసేసి మళ్లీ మొత్తం క్లోన్ చేస్తారు. ఆ పని చేయకు. సింగిల్-బ్రాంచ్ క్లోన్ చేసినప్పుడు 'ఇకపై ఈ ఒక్కదాని కబుర్లే తీసుకురా' అని గిట్ కాన్ఫిగ్‌లో ఒక లైను పడుతుంది. ఫెచ్ ఆ లైను ప్రకారమే నడుస్తుంది. ఇంకో పేరు చేర్చాలంటే:

గిట్ రిమోట్ సెట్-బ్రాంచెస్ --యాడ్ ఆరిజిన్ మెయిన్

ఆ తర్వాత గిట్ ఫెచ్ ఆరిజిన్. నీ దగ్గర లేని కమిట్‌లే వస్తాయి, ఉన్నవి మళ్లీ దిగవు. 'యాడ్' అన్న మాట మాత్రం మర్చిపోకు. అది లేకపోతే పాత పేరు తీసేసి కొత్తది రాస్తుంది, అప్పుడు గుంట-లెక్కలు అప్డేట్లు ఆగిపోతాయి.

ఇక కొత్త రెపోలో పెట్టడం. గిట్‌హబ్‌లో కొత్త రెపో తయారు చేసేటప్పుడు రీడ్‌మీ కావాలా, లైసెన్స్ కావాలా అని అడుగుతుంది. ఏ టిక్కూ పెట్టకు, ఖాళీగా ఉంచు. టిక్ పెడితే అక్కడ ముందే ఒక కమిట్ పుట్టి, నీ పుష్‌ను వెనక్కి కొడుతుంది. తర్వాత నీ ఫోల్డర్‌లో:

గిట్ రిమోట్ యాడ్ టీమ్ కొత్త-రెపో-చిరునామా

గిట్ పుష్ టీమ్ గుంట-లెక్కలు:మెయిన్

రెండు చుక్కలకు ఎడమవైపు ఉన్నది నీ దగ్గరి పేరు, కుడివైపు ఉన్నది అక్కడ పెట్టబోయే పేరు. అంటే నీ గుంట-లెక్కలు అక్కడ మెయిన్‌గా నిలబడుతుంది. అదొక్కటే వెళ్తుంది. ఎవరైనా --మిర్రర్ అనో --ఆల్ అనో వాడమంటే వినకు. వాటికి వేరే పనులున్నాయి, ఇక్కడ అక్కర్లేదు. డెప్త్ 1 తో తెచ్చుకున్న సగం కాపీ నుంచి ఈ పుష్ చేయబోతే 'షాలో అప్డేట్ నాట్ అలౌడ్' అని తిరస్కరిస్తుంది. ఖాళీ రెపోకి వేరు లేని చెట్టును పంపలేవు. ముందు అన్‌షాలో చేసుకో.

పుష్ కొట్టే ముందు ఒక్క రోజు ఆగి చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువగా నువ్వు గుర్తుంచుకోవాలని నేను కోరుకునేది కూడా ఇదే. బ్రాంచ్ వేరు దాకా వస్తుందని చెప్పాను కదా. బరువుతో పాటు రహస్యాలు కూడా అలాగే వస్తాయి. నేను ఒకప్పుడు పని చేసిన చోట ఒక క్లయింట్‌కు ఒక్క బ్రాంచ్ ఇచ్చాం. అందులోని ఫైళ్లన్నీ ఇద్దరం కూర్చుని చూశాం, శుభ్రంగా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత అవతలి ఇంజినీరు ఫోన్ చేసి, 'మీ ఎస్ఎంఎస్ సర్వీసు తాళం మాకు కనిపిస్తోంది, చూసుకోండి' అన్నాడు. ఎనిమిది నెలల కిందట ఎవరో ఒక కాన్ఫిగ్ ఫైలులో పెట్టి, మర్నాడు తీసేసిన తాళం అది, అంటే ఆ సర్వీసును వాడుకోనిచ్చే రహస్య కోడ్. ఫైలు పోయింది, కమిట్ ఉండిపోయింది. ఆ మనిషి మంచివాడు కాబట్టి ఫోన్ చేశాడు. ఆ రాత్రి తాళం మార్చి, ఎవరైనా వాడారా అని బిల్లు లైను లైనూ చూసుకునే దాకా నాకు అన్నం సహించలేదు.

మీ యాప్‌లో రైతుల ఫోన్ నంబర్లు, పట్టుబడి రేట్లు, అప్పుల లెక్కలు ఉంటాయి. టెస్టింగ్ కోసం సీనియర్లు నిజమైన రైతుల వివరాలే ఎక్కించి ఉంటే? డేటాబేస్ పాస్‌వర్డ్ ఎక్కడో ఉండిపోతే? కొత్త రెపో పబ్లిక్‌గా పెట్టిన మరుక్షణం అవన్నీ బయటికి వచ్చేస్తాయి. కాబట్టి ముందు ఇది కొట్టు:

గిట్ లాగ్ --డిఫ్-ఫిల్టర్=డీ --సమరీ

అందులో 'డీ' పెద్ద బడి అక్షరం. చరిత్రలో ఎప్పుడెప్పుడు ఏ ఫైళ్లు తీసేశారో వరుసగా చూపిస్తుంది. ఆ జాబితాలో కాన్ఫిగ్ అనో, ఎన్వ్ అనో (పాస్‌వర్డుల్లాంటివి పెట్టే సెట్టింగుల ఫైళ్లు), ఎక్సెల్ షీట్ పేరో కనిపిస్తే ఆగు. తీసేయకుండా లోపలి లైన్లు మాత్రం మార్చిన ఫైళ్లు ఇందులో కనపడవు, వాటికి గిట్ లాగ్ -పీ -- ఫైలు-పేరు అని కొట్టి పాత రూపాలు చదువు. చిన్న ప్రాజెక్టే కాబట్టి ఒక సాయంత్రం పని. తాళం ఏదైనా దొరికితే మొదట ఆ తాళం మార్పించు. చరిత్రలోంచి తుడవడం తర్వాతి సంగతి, ఎందుకంటే పాత కాపీలు ఎవరెవరి దగ్గరున్నాయో నీకు తెలియదు.

చరిత్ర బాగా పాడై ఉంటేనో, వీడియోల బరువు వదిలించుకోవాలంటేనో, అప్పుడు మా నాయన కట్టిన అంటు లాంటిది గిట్‌లోనూ ఉంది:

గిట్ చెకౌట్ --ఆర్ఫన్ కొత్త-మొదలు

ఇవాళ్టి ఫైళ్లన్నీ అలాగే ఉంటాయి, వెనక చరిత్ర మాత్రం ఉండదు. ఫైళ్లు ఇంకోసారి చూసుకుని ఒక కమిట్ చేసి, గిట్ పుష్ టీమ్ కొత్త-మొదలు:మెయిన్ అంటే అవతల శుభ్రమైన కొత్త మొక్క నాటినట్టు. దీనికి డెప్త్ 1 కాపీ కూడా సరిపోతుంది, ఎందుకంటే పంపేది ఆ ఒక్క కమిటే.

కానీ చెల్లెమ్మా, అవసరం లేకుండా దీన్ని వాడకు. చరిత్ర తీసేస్తే సీనియర్లు రాసిన ప్రతి లైనూ నీ పేరు మీద కనిపిస్తుంది. వాళ్లు గుంట గట్ల మీద తిరిగి, రైతుల్ని అడిగి ఆ లెక్కలు రాసుకుని ఉంటారు. రివ్యూలో అడిగినా అడగకపోయినా ఆ పేర్లు ఉండాలి. తప్పనిసరై చరిత్ర వదిలేస్తే మొదటి కమిట్ సందేశంలోనూ, రీడ్‌మీలోనూ వాళ్ల పేర్లు, పాత రెపో చిరునామా రాయి. కొత్త రెపోలో పెడుతున్నామని ముందే వాళ్లకు చెప్పి, సరేననిపించుకో.

ఇవాళ సాయంత్రమే సీనియర్‌కి ఫోన్ చేసి రెండు విషయాలు అడుగు: డిస్క్-యూసేజ్ ఎంత వస్తోంది, రైతుల వివరాలు గానీ పాస్‌వర్డులు గానీ ఎప్పుడైనా రెపోలోకి ఎక్కించారా. సైజు చిన్నదైతే ఇవాళ రాత్రికే సింగిల్-బ్రాంచ్ క్లోన్ అయిపోతుంది. పెద్దదైతే రేపు పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని వెళ్లు, బండిల్ ఫైలు కాపీ అయ్యాక ల్యాబ్‌లోంచి బయటికి వచ్చే ముందే ఏదో ఒక క్లోన్ ఫోల్డర్‌లో నుంచి గిట్ బండిల్ వెరిఫై అని, పక్కన పెన్‌డ్రైవ్‌లోని ఆ ఫైలు దారి ఇచ్చి కొట్టి చూడు. 'ఓకే' అని వస్తేనే బస్సెక్కు.